మొదటి అట్టు పంపకం

నమోదు 1
గాలి తూర్పు నుంచి. సముద్రం పోటు మీద ఉంది. రాసేవారి మనసు: బాగానే ఉంది.

పొద్దున్నే మా వీధి వంతెన కింద నడుము లోతు నీళ్ళలో నిలబడి, స్తంభానికి పట్టిన గుల్లలు గీకి వచ్చాను. పోయిన నెల మా పక్కింటాయన తన అల్లుడి కిటికీ అద్దం కొబ్బరిబోండాం విసిరి పగలగొట్టాడు. అటుగా పోతూ నేను "భలే గురి బాబాయ్" అన్నానట. అనే ఉంటాను. చెవి వెనకాల పూస అందరికీ ఉంటుంది. ఎవరితో ఏం మాట్లాడామో అది దాచుకుంటుంది. నేరం జరిగిందంటే చుట్టుపక్కల పూసలన్నీ పెద్దమనిషి చదువుతుంది. పెద్దమనిషి అంటే మనిషి కాదు, వార్డు ఆఫీసులో ఏసీలో కూర్చునే యంత్రం. పూర్వం తగవులు తీర్చే పెద్దమనుషుల పని దానికి అప్పగించారు, పేరు అలాగే ఉండిపోయింది. అది నేరాన్ని వంద పాళ్ళు చేసి, ఎవరి వాటా ఎంతో పంచుతుంది. అద్దంలో నా వాటా రెండు. రెండంటే ఒక స్తంభం గుల్లలు, ఒక వాక్యం క్షమాపణ.

నా పేరు మల్లాడి సుభాషిణి. కొత్తలంక యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. నేరశాస్త్రం, సామాజిక మనస్తత్వశాస్త్రం కలిపి ఒకటే డిగ్రీ. రెండూ ఎందుకు కలిశాయని చుట్టాలు అడిగితే గంభీరంగా ఏదో చెప్తాను. అసలు సంగతేంటంటే నేరశాస్త్రం బిల్డింగు సముద్రంలోకి పోయింది. వాళ్ళు బెంచీలు మోసుకుని మనస్తత్వం వాళ్ళ బిల్డింగులోకి వచ్చారు. నేరశాస్త్రం వాళ్ళు "ఎవరు చేశారు?" అని అడిగేవాళ్ళు. మనస్తత్వం వాళ్ళు "అప్పుడు చుట్టూ ఎవరున్నారు?" అని అడిగేవాళ్ళు. ఒకే గదిలో ఏళ్ళ తరబడి కూర్చునేసరికి రెండో ప్రశ్న గెలిచింది.

డిగ్రీ చేతికి రావాలంటే ఒక నేరాన్ని సొంతంగా పంచాలి. మన లెక్క పెద్దమనిషి లెక్కకి దగ్గరగా వస్తే పాస్. నాకు ఇవాళ కేసు ఇచ్చారు. టిఫిన్ పడవ కేసు. మా ఫిలోమినా మేడమ్ ఫైలు ఇస్తూ "సులువైందే ఇచ్చాను, నీ మొహం చూసి" అన్నారు. నా మొహంలో ఏం కనబడిందో అడగలేదు.

నమోదు 2
గాలి లేదు. సముద్రం పాటు తీస్తోంది. మనసు: ఆకలిగా ఉంది.

సంగాని నూకరత్నం గారిది రేవులో టిఫిన్ పడవ. పెనం, గ్రైండరు, పిండి బకెట్లు అన్నీ పడవలోనే. మొదటి అట్టు ఎప్పుడూ ఓలేటి ధర్మారావుకే. ఆయన పడవ రేవులో అందరికంటే ముందు బయల్దేరుతుంది కాబట్టి అలా మొదలై, పదేళ్ళ పైన నడిచింది. ఆయన పడవ కట్టుకునే స్తంభానికే ఈమె పడవా కట్టి ఉండేది.

ఈమధ్య లంకె రమేష్ అని ఒక కెప్టెన్ కొత్త సోలార్ పడవ దింపాడు. అది ధర్మారావు పడవకంటే ముందు బయల్దేరుతుంది. ఒకరోజు నూకరత్నం గారు ఏమీ ఆలోచించకుండా మొదటి అట్టు రమేష్ చేతిలో పెట్టింది. తినేవాళ్ళంతా నవ్వారు. ఎవరో "ధర్మారావు పని అయిపోయిందిరోయ్" అన్నారు. మర్నాడు ధర్మారావు అందరి ఎదురుగానే కత్తి తీసి ఆమె పడవ మోకు కోసేశాడు. పోటు పడవని లాక్కుపోయి రాళ్ళకట్టకేసి కొట్టింది. పడవ మునిగింది. ఆమె అందులోనే ఉంది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం పడవ అంచుకీ రాయికీ మధ్య పడింది. వేళ్ళు ఉన్నాయి గానీ బిగుసుకుపోయాయి. గరిటె పట్టలేదు.

ఇవాళ వెళితే ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చానన్నాను.

"ఏం చదువుతున్నావమ్మా?"

చెప్పాను.

"అంటే దొంగల్ని పట్టుకుంటావా?"

"కాదు పిన్నిగారూ, పంచుతాను."

"సరే, టీ తాగుతావా?" అంది.

నమోదు 3
సముద్రం పోటు. మనసు: లెక్కల్లో ఉంది.

రేవులో షామియానా వేసి పంపకం చదివారు. ఆస్తి పంపకానికి వచ్చినట్టే వచ్చారు జనం, కాకపోతే అందరూ తక్కువ రావాలని మొక్కుకుని వచ్చారు. నా లెక్కా పెద్దమనిషి లెక్కా దాదాపు సరిపోయాయి. మేడమ్ నా వైపు చూసి తలాడించారు. పొంగిపోయాను, దాచడం ఎందుకు.

రమేష్‌కి పన్నెండు. ధర్మారావు పడవకీ, నూకరత్నం గారి పడవకీ ఒకే స్తంభం ఇచ్చినందుకు రేవు ఆఫీసు వాళ్ళకి కలిపి పదకొండు. నవ్వినవాళ్ళకీ, నవ్వించినవాళ్ళకీ, కత్తి చూసి కూడా కదలనివాళ్ళకీ కలిపి సగం పైనే పోయింది. ధర్మారావుకి చిన్నప్పుడు అన్నదమ్ములందరికంటే ముందు వడ్డించి అలవాటు చేసినందుకు వాళ్ళమ్మకి ఎనిమిది. ఆవిడ లేరు కాబట్టి ఆ వాటా వార్డు పద్దులో పడింది. పదేళ్ళు మొదటి అట్టు పెట్టి, చెప్పకుండా మానేసినందుకు నూకరత్నం గారికే ఏడు.

ధర్మారావుకి నాలుగు.

మేడమ్ మొదటి సంవత్సరం మొదటి క్లాసులోనే చెప్తారు: "ఒక్కడే చేశాడు అనుకోవడం పాతకాలపు మూఢనమ్మకం." నేనది నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

అంతా లేచి టీలు తాగుతుంటే ధర్మారావు నా దగ్గరికొచ్చాడు. యాభై దాటిన మనిషి, భుజాలు మాత్రం ఇంకా తెడ్డు వేసేవాడివే.

"అమ్మాయిగారూ, నాలుగేంటండీ?"

"ఎక్కువనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చండీ."

"ఎక్కువని కాదండీ. మోకు కోసింది నేనండీ."

అప్పీలు ఫారం ఇప్పించాను. అందులో 'తగ్గించగలరు' అని అచ్చేసి ఉంది. పెంచమని అడిగే ఫారం ఉందా అని గుమస్తాని అడిగితే, ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం తిప్పుకున్నాడు.

నమోదు 4
గాలి ఉత్తరం నుంచి. మనసు: రాయబుద్ధి కావడం లేదు.

క్షమాపణల రోజు. పద్ధతి అందరికీ తెలిసిందే అయినా ఈ కేసు డైరీలో రాయాలట. ఒకటిలోపు వాటా ఉన్నవాళ్ళు ఎదురుగా వచ్చి తల ఊపి పోవాలి. ఐదులోపు వాళ్ళు ఒక వాక్యం చెప్పాలి. పదిలోపు వాళ్ళు కూర్చుని టీ తాగాలి. పది దాటితే పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఎదురుగా కూర్చుని, ఎదుటివాళ్ళు ఏమన్నా పడాలి. వాటాకి మించి చెప్పడం నేరం. దాన్ని అధిక క్షమాపణ అంటారు. అలా చెప్పేవాడు మిగతావాళ్ళ తప్పు దొంగిలిస్తున్నట్టని పుస్తకంలో ఉంది.

ధర్మారావు ఒక్క వాక్యానికి అరుగు ముందు నిలబడ్డాడు. వార్డు ఆఫీసు నుంచి వచ్చిన సూపర్వైజరు పక్కనే ఉన్నాడు.

"రత్నం, నేను ఆవేళ రాత్రంతా నిద్రపోకుండా, కత్తి నూరుకుని, పొద్దున్నే వచ్చి, నువ్వు పిండి రుబ్బుతుంటే చూసి, చూసి కూడా మోకు కోసి, పడవ కదులుతుంటే నువ్వు నన్ను పేరు పెట్టి పిలిస్తే విని, వినీ విననట్టు నిలబడి..."

సూపర్వైజరు కంగారుగా నా వైపు చూశాడు. వాక్యం అవలేదన్నాను. నిజంగానే అవలేదు.

"...నిలబడి, తప్పు చేశాను."

"అయింది," అన్నాడు సూపర్వైజరు.

ధర్మారావు ఇంకా నోరు తెరిచే ఉన్నాడు. నూకరత్నం గారు ముందుకి వంగింది, ఏదో అడగబోయినట్టు. వెనక క్యూలో, ఆ మోకు అమ్మిన తాళ్ళ దుకాణం ఆయన దగ్గాడు. ఆయన వాటా ఒకటిన్నర. ధర్మారావు పక్కకి తప్పుకున్నాడు.

నమోదు 5
సముద్రం పోటు. మనసు: చెప్పను.

ధర్మారావు మా డిపార్టుమెంటుకే వచ్చేశాడు. మెట్ల మీద కూర్చోబెట్టి మాట్లాడాను.

"అంత దూరం పోతుందనుకోలేదని చెప్పొచ్చండీ. చెప్తే అందరూ నమ్ముతారు. మా ఆవిడైతే అదే చెప్పమంటంది. కానండీ, ముప్పయ్యేళ్ళు పడవ నడిపినోణ్ణి. ఆ పోటు ఎటు లాగుద్దో నాకు తెలీదాండీ? తెలుసు. తెలిసే కోశాను."

"ఇది ముందెవరితోనన్నా అన్నారా?"

"ఎవరితో అంటానండీ ఇలాంటిది?"

అదీ సమస్య. ఎవరితోనూ అనలేదు కాబట్టి పూసలో లేదు. పూసలో లేనిది పెద్దమనిషికి లేదు. నేరం జరిగాక చెప్పిన మాట లెక్కలోకి రాదు. వాటా తగ్గించుకోడానికి జనం కథలల్లుతున్నారని ఎప్పుడో పెట్టిన నియమం అది. పెంచుకోడానికి నిజం చెప్పే మనిషొకడు వస్తాడని అప్పుడెవరికీ తట్టలేదు. కుదరదండీ అన్నాను. ఆయన వినలేదు. కుదరదని ఇంకోసారి అన్నాను.

మేడమ్‌ని అడిగితే ఒక దారి ఉందన్నారు. వాటాదారులందరూ, దెబ్బతిన్నవాళ్ళూ ఒప్పుకుంటే విద్యార్థి వేసిన కొత్త లెక్కే చెల్లుతుంది. మార్కులు మాత్రం పెద్దమనిషి లెక్కని బట్టే.

సరే, అందరి దగ్గరికీ తిరిగాను. మీ వాటా ధర్మారావుకి వదిలేయండి, గుల్లలు గీకే పని కూడా తప్పుతుందన్నాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. నా అంచనా ఎంత తప్పో!

తాళ్ళ దుకాణం ఆయన: "అదెలా కుదురుద్దమ్మా? మోకు నాది. నా మోకు లేకపోతే ఈ కేసే లేదు."

"పని అయిపోయిందిరోయ్" అన్నాయన: "ఆ మాటన్నది నేనే. కావాలంటే పూస చూసుకో."

కెప్టెన్ రమేష్ అయితే నొచ్చుకున్నాడు. "ఆ అట్టు నా చేతిలో పెట్టబట్టే కదండీ ఇదంతా! పన్నెండు. ఊళ్ళో ఇంకెవరికీ అంత లేదు. రోజంతా కూర్చుంటాను నేను."

ఒక్కరూ ఒప్పుకోలేదు. చిన్న వాటా ఒకటి జేబులో ఉంటే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో మూడేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. తప్పు చేసినవాళ్ళలో ఒకరు అయిపోతారు, చేసినవాడు మాత్రం కానక్కర్లేదు. ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చున్నాను.

నమోదు 6
మబ్బు. మనసు: కోపం.

రమేష్ చెప్పినట్టే పొద్దుపొడుపు నుంచి కూర్చున్నాడు. పర్యవేక్షణకి నేనూ ఉన్నాను. అతను బాగా ఏడ్చాడు. మధ్యలో వాళ్ళ అమ్మ సంగతి వచ్చింది, చిన్నప్పుడు పడ్డ కష్టాలు వచ్చాయి. నూకరత్నం గారు ఎడంచేత్తో అతనికి నాలుగుసార్లు టీ పెట్టింది. వెళ్ళేటప్పుడు "మనసు తేలికైంది అక్కా" అన్నాడు.

అతను వెళ్ళాక ఆమె గ్లాసులు కడుగుతూ అంది: "అందరికీ తేలికవుతుంది పాపా. ఇన్ని రోజులూ టీలు పెడుతూనే ఉన్నాను. ఇంత బతుకు పోయింది, కడుపారా తిట్టుకుందామంటే మనిషే లేడు. తాళ్ళాయన్ని తిట్టనా? ఒకటిన్నరకి ఎంతని తిడతాను?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకు ఒకటే కావాలి. పడవ రాళ్ళకట్టకేసి పోద్దని ధర్మారావుకి తెలుసా? నేను పిలిచాను, అతను చూశాడు. తెలిసి చేశాడా, తెలీక చేశాడా? ఇంతమంది వచ్చి తప్పయిందన్నారు. ఈ ఒక్కటీ ఎవడూ చెప్పలేకపోయాడు."

జవాబు నాకు తెలుసు. కానీ కేసు పంచేవాళ్ళు ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు. మోస్తే కేసు నా చేతుల్లోంచి పోతుంది. అక్కడే గ్లాసులు తుడుస్తూ నిలబడ్డాను. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 7
ఎండ. సముద్రం నిమ్మళంగా ఉంది. మనసు: తర్వాత రాస్తాను.

మంచినీళ్ళ ఓడ వచ్చిన రోజు. ఈ రోజు ఊళ్ళో పెళ్ళి పెట్టుకున్నా పెళ్ళికొడుకు కూడా బిందెతో క్యూలోనే ఉంటాడు. వీధుల్లో పిట్ట ఉండదు. నూకరత్నం గారు బిందె ఎత్తలేదు కాబట్టి ఇంట్లోనే ఉంది, ఆమె వంతు నీళ్ళు నేను పట్టుకెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ధర్మారావు ఆమె అరుగు కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నించీ కూర్చున్నాడట. ఒక వాక్యం ఎప్పుడో దాటిపోయింది, చాలా వాక్యాలు దాటిపోయాయి. తప్పయిందన్న మాటే తిప్పి తిప్పి చెప్తున్నాడు, ఆమె తన ప్రశ్న ఇంకా అడగలేదు. నన్ను చూసి ఆయనే లేచి, "నేరం చేశానండీ. రాసుకోండి" అన్నాడు.

బిందె దించి రాసుకున్నాను.

నమోదు 8
మనసు: స్థిరంగా ఉంది.

అధిక క్షమాపణ కేసు. నేను చూశాను కాబట్టి నాకే ఇచ్చారు. నియమాల పుస్తకం తీసి చదివాను, ఇంతకుముందు ఎప్పుడూ చివరిదాకా చదవలేదు. అధిక క్షమాపణ నేరంలో దెబ్బతిన్నవారు ఎవరు? దాన్ని వినాల్సి వచ్చినవారు. అంటే నూకరత్నం గారు. శిక్ష? మామూలే, వాటాని బట్టి క్షమాపణ. ఎవరికి? ఆమెకే. ఈ మాట రెండుసార్లు చదివి పుస్తకం మూసేసి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను.

ధర్మారావు ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్ళాడు. దారిలో చూసినవాళ్ళు లేరు. నవ్వినవాళ్ళు లేరు. ఆ మనిషి అన్నీ చూసుకునే రోజు ఎంచుకున్నాడు.

పెద్దమనిషి లెక్క వచ్చింది. ధర్మారావుకి అరవై రెండు. మిగతా ముప్పై ఎనిమిది నాకు! నేను 'కుదరదు' అన్న ప్రతిసారీ నా గొంతు 'కుదిరితే బాగుణ్ణు' అందట. పూస అదీ పట్టుకుంది. పెద్దమనిషి అబద్ధమాడిందని నేననను. నా గొంతు నాకు తెలుసు.

అరవై రెండుకే ఆయన రోజంతా కూర్చోవచ్చు, కానీ నా వాటాకి నేనూ వెళ్ళి కూర్చుంటే ఆమె తిట్టు మళ్ళీ పంపకమైపోతుంది. ఆ మెట్టు దాకా వచ్చింది ఆయన కాళ్ళు. నా లెక్కలో ధర్మారావుకి వంద వేశాను.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సుభాషిణీ, వంద అనేది మనం మొదటి సంవత్సరంలో తప్పుకి ఉదాహరణగా చెప్పే అంకె."

"తెలుసు మేడమ్."

"పంపకం అంటే కనీసం ఇద్దరుండాలి. ఇది పంపకమే కాదు. ఫెయిల్ చేయాల్సి వస్తుంది నిన్ను. టిఫిన్ పడవ కేసులో వచ్చిన మార్కులు కూడా పోతాయి."

"తెలుసు మేడమ్."

వాటాదారులందరి ఒప్పుకోలు కావాలి. వాటాదారులు ఇద్దరమే. ఆయన ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకున్నాను. నూకరత్నం గారిని అడిగితే "వందే?" అని రెండుసార్లు అడిగి, ఎడంచేత్తో వేలిముద్ర వేసింది.

నమోదు 9
గాలి, సముద్రం చూడలేదు.

పొద్దు పొడవగానే ధర్మారావు వచ్చి అరుగు ముందు చాప మీద కూర్చున్నాడు. నూకరత్నం గారు తలుపు తీసి, ఎదురుగా పీట వేసుకుంది. టీ పెట్టలేదు.

"తెలుసా?" అంది.

"తెలుసు."

"రాళ్ళకట్ట దాకా పోద్దని?"

"తెలుసు రత్నం."

"నేనందులో ఉన్నానని?"

"చూస్తూనే కోశాను."

ఆమె పీట ముందుకి జరుపుకుంది. తర్వాత మొదలుపెట్టింది. నేను నేరశాస్త్రం చదివాను, మనస్తత్వం చదివాను, రేవులో పుట్టి పెరిగాను, అయినా అందులో సగం తిట్లు నాకు కొత్త. వాళ్ళ వంశాన్ని తిట్టింది, పడవని తిట్టింది, పదేళ్ళు పెట్టిన మొదటి అట్లన్నిటినీ తిట్టింది. ఆయన తల వంచుకోలేదు. వీధిలో వాటాదారులు ఒక్కొక్కరే వచ్చి దూరంగా నిలబడ్డారు. ఒక్క తిట్టు కూడా తమకి రానందుకు కెప్టెన్ రమేష్ కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాడు.

"నీ చెయ్యి పడిపో..." అని ఆగిపోయింది ఆమె. తన చెయ్యి చూసుకుంది.

"అను రత్నం," అన్నాడు ధర్మారావు.

ఆమె పూర్తిగా అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పడవ మునిగినప్పటి నుంచీ ఆమె ఏడవడం ఎవరూ చూడలేదట. నాకూ ఏడుపొచ్చింది. పర్యవేక్షకులు ఏడవకూడదని నియమం లేదు, చూశాను.

మధ్యాహ్నం దాటాక ఆమె లేచి లోపల్నించి పెనం తెచ్చి పొయ్యి మీద పెట్టింది. గరిటె ఎడంచేత్తో పట్టుకుంది. పిండి ఒక పక్కకి పోయింది, అట్టు చిరిగి వంకరగా వచ్చింది. దాన్ని పళ్ళెంలో వేసుకుని, పీట మీద కూర్చుని మొదటి అట్టు ఆమే తింది. రెండోది ఆయనకి పెట్టింది.

పొద్దుగూకేదాకా ఇంకా తిడుతూనే ఉంది, కానీ మధ్యమధ్యలో అట్టు తిరగేయడానికి ఆగుతూ.

నమోదు 10
గాలి తూర్పు నుంచి. సముద్రం పోటు. మనసు: బాగానే ఉంది.

ఫెయిల్ అయ్యాను. డిపార్టుమెంటులో ఫెయిల్ అయినా పంపకం వేస్తారు, విద్యార్థి మనసు కష్టపడకుండా. కాగితం పొద్దున్నే వచ్చింది. సులువైన కేసని ఇచ్చినందుకు ఫిలోమినా మేడమ్‌కి ఇరవై. నియమాల పుస్తకం రాసినవాళ్ళకి కొంత. నన్ను చిన్నప్పట్నుంచీ మొండిదానా అని ముద్దుగా పిలిచినందుకు మా నాన్నకి ఆరు. ధర్మారావుకి ముప్పై. నాకు పదకొండు.

మేడమ్ వచ్చి పొద్దుగూకేదాకా నా ఎదురుగా కూర్చుంటానన్నారు. నచ్చచెప్పి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నాన్న టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడితే గ్లాసు తీసుకుని నాన్నని లోపలికి పంపాను.

తర్వాత ధర్మారావు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో చాప పెట్టుకుని వచ్చాడు. నూకరత్నం గారు పంపిందంటూ నాలుగు అట్లు పొట్లం కట్టి తెచ్చాడు, అన్నీ వంకరవే.

"మీ చదువు నావల్లే పోయిందండీ. ముప్పై అంట. కూర్చోనివ్వండి," అని గడప ముందు చాప పరవబోయాడు.

పొట్లం తీసుకున్నాను. చాప మళ్ళీ చుట్టి ఆయన చేతిలోనే పెట్టాను.

"వద్దు ధర్మారావుగారూ. వంద వేసింది నేను," అన్నాను. "తెలిసే వేశాను."